గడిలో దగ్గు

చంద్రికి అసహ్యం తక్కువ. మహబూబాబాద్ ప్రభుత్వ దవాఖాన ల్యాబులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న మనిషికి అది ఎక్కువ ఉంటే కుదరదు. ఉమ్మి, మలం, చీము, చిక్కబడిన మూత్రం. రోజూ పొద్దున తొమ్మిది నుంచి ఆమె కిటికీ ముందుకు వచ్చేవి ఇవే. కొత్తగా శిక్షణకు వచ్చిన పిల్లలు ముక్కు మూసుకొని బయటికి పరుగెత్తితే ఆమె కసురుకునేది కాదు. "వారం రోజులు ఓపిక పట్టుండ్రి, ముక్కు దానంతటదే అలవాటైతది" అనేది. ఎవరైనా డబ్బాలో ఉత్త నోటినీళ్లు ఊంచి తెస్తే మాత్రం వెనక్కి పిలిచేది. "లోపల్నుంచి రావాలె బాపూ, గట్టిగ దగ్గు" అని పక్కన నిలబడి ఉమ్మించేది. ఆ తర్వాత చేతులు మోచేతుల దాకా కడుక్కొని, తీరిగ్గా అన్నం తినేది.

ఆమెది కేసముద్రం వైపు ఒక తండా. తండ్రి సోమ్లా మిర్చి కల్లాల్లో కూలి చేసి ఆమెను చదివించాడు. భర్త గోపాల్ బస్సు డిపోలో మెకానిక్, నెమ్మదస్తుడు. ఒక్కతే కూతురు అఖిల, ఇంటర్ రెండో సంవత్సరం.

దవాఖానలో చంద్రికి స్నేహితురాలంటే సరోజన ఒక్కతే. సరోజన హెడ్ నర్సు. పుట్టిందీ మెట్టిందీ చిట్యాల దగ్గర భూములున్న పటేండ్ల ఇళ్లలో. అఖిల పుట్టినప్పుడు చంద్రికి రక్తం ఆగకపోతే, డ్యూటీ అయిపోయినా ఇంటికి పోకుండా పక్కనే ఉండి, తన రక్తమే ఇచ్చింది సరోజన. అప్పటినుంచి మధ్యాహ్నం ఇద్దరి అన్నం డబ్బాలు ఒకే బల్ల మీద తెరుచుకునేవి. చంద్రి డబ్బాలో చెయ్యి పెట్టి జొన్నరొట్టె తుంచుకునే పటేండ్ల మనిషిని దవాఖానలో వింతగా చూసిన రోజులున్నాయి. సరోజన లెక్కచేయలేదు.

సరోజన భర్త శశిధర్ కాంట్రాక్టరు. ఈ మధ్య రాజకీయాల్లో కూడా తిరుగుతున్నాడు. కిందటి డిసెంబరులో, రెండో శనివారం కలిసొచ్చినప్పుడు, సరోజన సంబరంగా ల్యాబుకు వచ్చింది.

"చంద్రీ, బట్టలు సదురుకో. బచ్చన్నపేట అవతల పాత గడిని హోటల్ చేసిండ్రట. మా ఆయన దోస్తుదే. రెండు కుటుంబాలకు రెండు రూములు చెప్పిండు. పిల్లలు కూడ చదివి చదివి పరేషాన్ అయిండ్రు."

"గడి అంటే దొరల గడేనా అక్కా?"

"ఇప్పుడు దొరలెక్కడున్నరే! మనమే దొరసాన్లం, పా" అంది సరోజన నవ్వుతూ.

చంద్రి కూడా నవ్వింది. పెళ్లయ్యాక ఆ కుటుంబం సరదాకని ఒకచోట రాత్రి ఉండి రావడం అదే మొదటిసారి. అఖిల, సరోజన కూతురు హర్షిణి ఒకే కాలేజీ. ఇద్దరూ ఫోన్లలో ఆ గడి బొమ్మలు చూసి ఎగిరి గంతులేశారు.

శనివారం పదకొండింటికి శశిధర్ కారు గడి ముందు ఆగింది. రెండు తాటిచెట్ల ఎత్తు కోటగోడ, ఇనుప మేకుల తలుపు, లోపల పచ్చిక. గోడకు కొత్తగా వేసిన సున్నం వాసన ఇంకా పోలేదు. వాకిట్లో ఇద్దరు మనుషులు గోచీ ధోవతి కట్టుకొని, భుజాన గొంగడి వేసుకొని ఎదురొచ్చారు. నడుము దాకా వంగి, ఒకే గొంతుతో అన్నారు:

"నీ కాల్మొక్త బాంచెన్ దొరా!"

శశిధర్ పగలబడి నవ్వాడు. "అరే, మంచిగుందిరా బై! మళ్లొకసారి అనుండ్రి" అని ఫోను తీశాడు. వాళ్లు మళ్లీ వంగారు. మళ్లీ అన్నారు.

చంద్రికి అది ఎక్కడో మెడ వెనక తగిలింది. ఇంకా తేరుకోకముందే ఒక మనిషి ఇత్తడి తాంబాళం తెచ్చి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. కాళ్లు కడుగుతాడట. యాభై ఏళ్లుంటాయి, బుగ్గలు లోపలికి పోయాయి. చంద్రి కాలు వెనక్కి తీసుకుంది.

"వద్దన్నా, నేను కడుక్కుంట."

అతను తలెత్తకుండా, పెదాలు కదిలీ కదలనట్టు అన్నాడు: "జర కాలు పెట్టమ్మా. మేనేజర్ సూస్తుండు."

ఆమె కాలు పెట్టింది. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. అంతకుముందు దిగినవాళ్ల కాళ్లు కడిగిన నీళ్లే కావచ్చు, అడుగున మట్టి పేరుకొని ఉంది. నానిపోయిన గులాబీ రేకులు జిగురు జిగురుగా మడమకు అతుక్కున్నాయి. ఉమ్మి డబ్బాలు చేత్తో పట్టుకునే ఆ మనిషికి ఒళ్లు జలదరించింది. గదిలోకి పోయాక సబ్బు పెట్టి రెండుసార్లు కడుక్కుంది.

మధ్యాహ్నం మేనేజరే వెంట ఉండి గడి అంతా చూపించాడు. కోటు వేసుకున్న పట్నం మనిషి, మాట మెత్తన. దొరవారు కూర్చునే ఊయల, దొరసాని అద్దం, వేటకు పోయిన తుపాకీ. చివరికి మెట్ల కింద ఒక చిన్న గది దగ్గర ఆగాడు. కిటికీ లేదు. గోడకు రెండు ఇనుప కడియాలున్నాయి. వాటికి పూలకుండీలు వేలాడదీశారు.

"శిస్తు కట్టనివాళ్లనూ, వెట్టికి రానివాళ్లనూ ఇందులో ఉంచేవారట. మేం మసాజ్ గదిగా మార్చాం. చల్లగా ఉంటుంది సార్, ఇక్కడ పడుకున్నవాళ్లకు భలే నిద్ర పడుతుంది."

"అయితే రేప్పొద్దున నాకొకటి బుక్ చెయ్యి" అన్నాడు శశిధర్.

చంద్రి గోపాల్ వైపు చూసింది. గోపాల్ పూలకుండీల వైపు చూస్తున్నాడు.

తర్వాత ఫోటోలు. హోటల్ వాళ్లే పట్టుచీరలు, గిల్టు నగలు, తలపాగాలు అద్దెకిస్తారు. సరోజన దొరసాని వేషం వేసుకొని ఊయలలో కూర్చుంది. నిజంగానే బాగుంది. నాలుగైదు ఫోటోలయ్యాక ఆమె చంద్రిని పిలిచింది.

"జర గీ విసనకర్ర పట్టుకొని నా ఎనక నిలవడవే. ఫోటో నిండుగ వస్తది."

అందులో దురుద్దేశం లేదు. ఎవరైనా ఒకరు నిలబడాలి, దగ్గరున్నది చంద్రి. ఆమె నెమలీకల విసనకర్ర పట్టుకొని ఊయల వెనక నిలబడింది. "నవ్వమ్మా" అన్నాడు ఫోటో తీసేవాడు. నవ్వింది. పావుగంట తర్వాత ఆ ఫోటో సరోజన స్టేటస్‌లో ఉంది. దవాఖానలో పనిచేసేవాళ్లు ఒక్కొక్కరే చప్పట్ల బొమ్మలు పెట్టారు. చంద్రి దాన్ని చూసింది, ఫోను మూసింది, మళ్లీ తెరిచి చూసింది. అందులో తన నవ్వు ఆమెకు గిట్టలేదు. తనను ఎవరూ బలవంతం పెట్టలేదన్నది అన్నిటికన్నా ఎక్కువ గుచ్చింది.

సాయంత్రం ఆరున్నరకు నడిమి వాకిట్లో కార్యక్రమం. పట్నం నుంచి వచ్చిన మరో మూడు నాలుగు కుటుంబాలు కూడా కుర్చీల్లో చేరాయి. ముందు డప్పు కొట్టారు. తర్వాత మేనేజర్ మైకు పట్టుకొని, "ఇప్పుడు దొరవారి దర్బారు! అతిథుల్లో ఒకరు దొర కావచ్చు" అన్నాడు. శశిధర్ చెయ్యెత్తి లేచాడు. తలపాగా చుట్టి, పెద్ద మీసం అంటించి, కుర్చీలో కూర్చోబెట్టారు. మీసం ఒక పక్క ఊడి వేలాడితే అందరూ నవ్వారు. చంద్రీ నవ్వింది.

అప్పుడు ఇద్దరు ఒక మనిషిని రెక్కలు పట్టి లాక్కొచ్చారు. పొద్దున కాళ్లు కడిగినవాడే. ఇప్పుడు శిస్తు ఎగ్గొట్టిన రైతు. అతన్ని వంగోబెట్టి, వీపు మీద బండ పెట్టారు. బండ థర్మాకోల్‌ది, నల్లరంగు పూసింది.

"ఎందుకు కట్టలేదురా శిస్తు?" అని గద్దించాడు శశిధర్.

"పంట ఎండింది దొరా, నీ బాంచెన్..."

మాట పూర్తి కాలేదు. దగ్గు వచ్చింది. వంగిన మనిషి వంగినట్టే దగ్గుతున్నాడు. ఒకటి, రెండు, పది. డొక్కలు లోపలికి పోతున్నాయి. వీపు మీది బండ ఎగిరెగిరి పడుతోంది. ముందు వరసలో ఎవరో "ఏం యాక్టింగు!" అన్నారు. చప్పట్లు మొదలయ్యాయి. ఆ చప్పట్లు విని శశిధర్‌కు హుషారొచ్చింది. లేచి, ఆ మనిషి తల దగ్గర నేల మీద కాలితో తన్ని, "నా ముంగట దగ్గుతవురా? ఇంకో బండ పెట్టుండ్రి!" అన్నాడు. ఇంకో బండ పెట్టారు. దగ్గు ఆగలేదు. చప్పట్లూ ఆగలేదు. సరోజన కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతోంది.

చంద్రి నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. ఆ దగ్గు ఆమెకు తెలుసు. గొంతు గరగరతో వచ్చేది కాదు. అడుగునుంచి తోడుకొని వచ్చి, చివర్లో తడిగా చిట్లిపోయే దగ్గు. కిటికీ అవతల అలాంటిది వినపడితే మనిషి మొహం చూడకుండానే చీటీ రాయడం మొదలుపెట్టేది.

అఖిల ఆమె చెవి దగ్గరకు వంగింది. "అమ్మా, ఆయన నిజంగనే దగ్గుతున్నడు కదా?"

"ఔ బిడ్డా."

"మరి వీళ్లేంది గిట్ల కొడ్తున్నరు చప్పట్లు?"

చంద్రి ఆ మనిషినే చూస్తోంది. అతను లేచి పక్కకు పోతూ గొంగడి అంచులో ఊంచి మడుచుకోవడం ఆమెకు కనబడింది. పక్కన బల్లల మీద అప్పుడే విందు పరుస్తున్నారు. ఇత్తడి గంగాళాల్లో మాంసం, కొవ్వు తేలుతున్న పులుసు. శశిధర్ మీసం పీకేసి మూలుగ ఎముక చప్పరిస్తూ, "ఎట్ల చేసిన?" అని అందరినీ అడుగుతున్నాడు. గడ్డం మీదుగా నూనె కారుతోంది. చంద్రి పళ్లెం అలాగే పెట్టి గదికి పోయి, కుళాయి దగ్గర వాంతి చేసుకుంది. ఇరవై రెండేళ్లలో ఆమె ఏదైనా చూసి కక్కుకోవడం అదే మొదలు.

ఆదివారం తెల్లవారగానే ఆమె వంటింటి వెనక్కు పోయింది. ఆ మనిషి రాతి మీద కూర్చొని కాగితం కప్పులో చాయ్ తాగుతున్నాడు. పేరడిగింది. చాంద్యా. దగ్గర్లోని తండా. ఆమె వెంటనే తండా భాష లంబాడీలోకి మారింది. అతను ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు.

"కూర్చో అన్నా. ఎన్నాళ్లనుంచి ఉంది దగ్గు?"

"పత్తి ఏరుడు మొదలైనప్పటి నుంచి. మూడు నెలలు కావొచ్చు చెల్లే."

"సాయంత్రమైతే జ్వరం వస్తోందా? చెమటలు?"

"వస్తున్నయ్. ఊరి డాక్టరు సూది ఇచ్చిండు, సీసా మందు ఇచ్చిండు."

"పెద్ద దవాఖానకు ఎందుకు పోలేదు?"

చాంద్యా కప్పు కింద పెట్టాడు. "ఒకరోజు పోతనన్న. మేనేజర్ సారు నవ్విండు. ఆ దగ్గుతోటే ఆట రక్తి కడ్తుంది, తగ్గించుకోకు అన్నడు."

చంద్రి ఆ మాట విని వంటింట్లోకి పోయి, ఖాళీ అయిన చిన్న జామ్ సీసా ఒకటి అడిగి తీసుకొని, వేడినీళ్లతో కడిగి తెచ్చింది. గోడ అవతల గాలికి నిలబెట్టి, మూతికి కొంగు అడ్డం పెట్టుకొని, ఎప్పటిలాగే చెప్పింది: గట్టిగా ఊపిరి పీల్చు, లోపల్నుంచి రానీ. వచ్చింది. అంచున ఎర్రటి చార ఉంది. మూత బిగించి మూడు కవర్లలో చుట్టింది.

తిరిగి వస్తుంటే మేనేజర్ ఎదురయ్యాడు. విషయం తెలిసి మొహం చిట్లించాడు. "అతిథులు టిఫిన్ చేసేచోట ఉమ్మి పట్టుకొని తిరగడమేంటి మేడం? చూసినవాళ్లకు అసహ్యం వెయ్యదా?"

"ఎవరికి వెయ్యాలె అసహ్యం?" అంది చంద్రి. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "బిమారున్న మనిషిని వంగబెట్టి, ఆయన దగ్గును అమ్ముకుంటున్నవు. తాంబాళం పట్టించి వచ్చినోళ్ల కాళ్లు కూడ ఆయనతోనే కడిగిస్తున్నవు. నాకు నిన్ను చూస్తె వేస్తుంది."

గోల విని శశిధర్ వచ్చాడు. మసాజ్ గది నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, ఒళ్లంతా నూనె. "ఏందమ్మా గిది, నా దోస్తు హోటల్ల నా ఇజ్జత్ తీస్తవా? మంచిగ తీసుకొస్తే ఉమ్మి పంచాయితీ పెడ్తవా?"

చంద్రి అతని వెనక వచ్చిన సరోజన వైపు తిరిగింది.

"అక్కా, నిన్న ఆ దగ్గు నువ్వు వినలేదా?"

సరోజన పైట సర్దుకుంది. "విన్న."

"ఇరవై ఐదేండ్ల సర్వీసు నీది. అది ఏం దగ్గో తెల్వదా?"

"తెలుసు. గాని ప్రోగ్రాం మధ్యల లేచి ఏం చేద్దామంటవ్? మన డ్యూటీ రేపు కదనే. ఇయ్యాల్ల వదిలెయ్యి."

ఆ ఒక్క మాటతో చంద్రికి మిగిలినదంతా చిన్నదైపోయింది. మేనేజర్‌కు తెలియదు, శశిధర్‌కు తెలియదు. ఈమెకు తెలుసు. తెలిసి, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది.

"గోపాల్, సామాన్ తీయి. పోదాం" అంది.

గోపాల్ సంచులు భుజానికేసుకున్నాడు. ముగ్గురూ గేటు దాటి, ఆటో పట్టుకొని బచ్చన్నపేట, అక్కడినుంచి బస్సులో జనగామ, జనగామలో రైలు. రైల్లో అఖిల నిన్న దర్బారు ఆటప్పుడు తను తీసిన వీడియో చూపించింది. తుడిచెయ్యనా అని అడిగింది. "తుడవకు" అంది చంద్రి. "నేను కూడ దాంట్ల నవ్విన. ఉండనియ్యి."

సోమవారం పది గంటలకు నమూనాను మిషన్‌లో పెట్టింది. రెండు గంటల్లో తేలింది. టీబీ. అదీ ఎక్కువ మోతాదులో. జనగామలో టీబీ విభాగంలో పనిచేసే అరుణ ఆమెతోపాటు శిక్షణ పొందిన మనిషి. ఫోను చేస్తే ఆ సాయంత్రమే తండాకు పోయి మందులు మొదలుపెట్టించింది. ఆ తర్వాత వారం హోటల్ పనివాళ్లందరినీ పరీక్ష చేయించింది. ఇంకో ఇద్దరికి బయటపడింది. ఒకామె వంటింట్లో పనిచేసేది.

ఆ సంగతి అరుణ ఫోనులో చెప్పిన రెండో రోజు చంద్రికి ఇంకో ఫోను వచ్చింది. చాంద్యా భార్య మంగ్లీ, అరుణ దగ్గర నంబరు తీసుకొని చేసింది. పలకరింపు కూడా లేకుండా తిట్టడం మొదలుపెట్టింది.

"ఎవరు పిలిస్తే వచ్చినవ్ మా ఇంట్లకు? ఆయన్ను నువ్వొచ్చిన ఆదివారం నాడే గేటు బయటికి నూకిండ్రు. మందులు సర్కారు ఇస్తది, తిండి ఎవరు పెడ్తరు? పత్తి ఏరనీకి ఒక్కదాన్నే పోతున్న. ఊరంతా మా గిలాసలు ముట్టుకుంటలేరు. నీకు పుణ్యం కావాల్నంటే ఇంకో ఇల్లు చూసుకోపోయినవా?"

మందు వెయ్యకపోతే చచ్చిపోతాడని చంద్రి చెప్పవచ్చు. కానీ అది మంగ్లీకి తెలియనిదేమీ కాదు. ఫోను పెట్టేశాక చాలాసేపు చేతులు కడుక్కుంటూ నిలబడింది. తను చేసింది సరైనదేనని తెలిసినా, తన మీద కూడా ఏవగింపు పోలేదు. అప్పటినుంచి నెలనెలా పల్లీలు, గుడ్లు, పప్పు సంచిలో కట్టి గోపాల్‌తో పంపేది. గోపాల్ డిపోలో డ్రైవర్లకు చెప్పి, బస్సు మీద బస్సు మార్పించి తండాకు చేర్చేవాడు. మంగ్లీ సంచి తీసుకునేది. ఖాళీ సంచి మడిచి వెనక్కి పంపేది. మాట మాత్రం పంపేది కాదు.

దవాఖానలో చంద్రి, సరోజనల అన్నం డబ్బాలు వేరయ్యాయి. హోటల్ వంటామె సంగతి తెలిశాక సరోజన ఒకరోజు ల్యాబు కిటికీ దగ్గరకు వచ్చింది. "మా హర్షిణికి కూడ ఎక్స్‌రే తీపియ్యాల్నా?" అంది. గొంతులో భయం ఉంది.

"తీపియ్యి. మేం కూడ తీపిచ్చుకున్నం."

మర్నాడు ఎక్స్‌రే తెచ్చి చూపించింది. శుభ్రంగా ఉంది. చంద్రి ఆ మాటే చెప్పింది. సరోజన పోకుండా నిలబడింది.

"ఇంక నా మీద కోపమేనా?"

"కోపం కాదక్కా. కోపమైతే తిట్టి మర్సిపోదును. నీ పక్కన కూసుంటె అన్నం దిగుతలేదు."

సరోజన ఎక్స్‌రే కవర్‌లో పెట్టుకొని పోయింది. అప్పుడు తను రక్తమిచ్చిన సంగతి ఎత్తలేదు. ఎత్తి ఉంటే చంద్రికి ఆమెను తీసిపారెయ్యడం సులువయ్యేది. మార్చిలో సరోజన ములుగు వైపు బదిలీ అడిగి తీసుకుంది. పోయేముందు చెప్పి పోయింది, చంద్రి గేటు దాకా వచ్చి సాగనంపింది. అంతే. గడి హోటల్ అలాగే నడుస్తోంది. దర్బారు ఆట కూడా ఆగలేదని అరుణ చెప్పింది. ఇంకెవరో వంగుతున్నారట.

జూన్ చివర్లో చాంద్యాకు మందుల కోర్సు ముగిసింది. చివరి పరీక్షకు నమూనా తనే తీసుకుంటానని చంద్రి అరుణతో చెప్పి, గోపాల్‌తో కలిసి తండాకు పోయింది. చాంద్యా ఇంటి ముందు నులకమంచం బిగిస్తున్నాడు. బుగ్గలు నిండాయి. కాసేపటికి మంగ్లీ చేనునుంచి వచ్చింది, కాళ్ల నిండా ఎర్రమట్టి. చంద్రిని చూసి ఆగింది. పలకరించలేదు. లోపలికి పోయి పొయ్యి ముట్టించింది. రొట్టెలు చేసి, మిరపకారం నూరి, ఇద్దరికీ పళ్లాల్లో పెట్టి తెచ్చింది.

చంద్రి ఆకలిగా తిన్నది. రెండో రొట్టె కూడా అడిగి వేయించుకుంది.

వాళ్లు లేచి బయల్దేరుతుంటే మంగ్లీ గడపలో నిలబడి, అదే కటువు గొంతుతో అంది: "ఇగ వచ్చేదుంటే ఇత్తునాలు పెట్టేటప్పుడు రాకుండ్రి. ఇంట్ల ఎవ్వరం ఉండం. పీర్ల పండుగకు రాండ్రి."